మురకామి పువ్వుల్లో జపాన్ ఎంత, అంగడి ఎంత?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "డిజైన్ కోర్సు సెమినార్ కోసం జపాన్ చిత్రకారుడు తకాషి మురకామి గురించి చదువుతున్నాను. నవ్వే పువ్వులు, లూయీ విట్టన్ బ్యాగులు, ప్లాస్టిక్ బొమ్మలు. ఇదంతా అమెరికా పాప్ కళాకారుడు ఆండీ వార్హాల్‌కి జపాన్ నకలేనా? దీన్ని జపాన్ జాతీయ గుర్తింపుతో ఎందుకు ముడిపెడతారు? అక్కడివాళ్లు కూడా అలాగే అనుకుంటారా?"

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. నకలు కాదు. జాతీయ గుర్తింపుతో ముడి ఉన్నమాట నిజమే. కానీ ఆ ముడి వేసింది మురకామే, అదీ ఎక్కువగా అమెరికా, యూరప్ ప్రేక్షకులను ఎదురుగా పెట్టుకుని. ఆయన చెప్పే కథలో సగం నిజముంది. మిగతా సగం కావాలంటే ఆయన తరం కళాకారులే అయిన యుకినోరి యనగి, మకోతో ఐదా దగ్గరికి వెళ్లాలి. ఆధునిక ఆసియా కళ మీద పాఠం చెప్పేటప్పుడు నేను ఈ ముగ్గురినీ పక్కపక్కనే పెట్టి చూపిస్తాను. మురకామి ఒక్కడినే చూపిస్తే, జపాన్ అంటే ఇంతే కాబోలని పిల్లలు లేచి వెళ్లిపోతారు.

వార్హాల్ సంగతి ముందు తేల్చుకుందాం. 1962లో ఆయన సూప్ డబ్బాల బొమ్మలు గ్యాలరీలో పెడితే అది వార్త అయింది. మ్యూజియం వేరు, సూపర్ మార్కెట్ వేరు అన్న నమ్మకం అమెరికాలో అంత గట్టిగా ఉండేది. ఆ గోడ దూకడమే ఆయన చేసిన పని. జపాన్‌లో ఆ గోడ ఎప్పుడూ అంత ఎత్తుగా లేదు. ఎదో కాలం (1603–1868) నాటి ఉకియో-ఎ చెక్క అచ్చు చిత్రాలను ఇవాళ మనం మ్యూజియం అద్దాల వెనక చూస్తున్నాం గానీ, అప్పట్లో అవి దుకాణంలో అమ్మిన సరుకే. నాటకాల నటుల బొమ్మలు, అందగత్తెల బొమ్మలు మామూలు జనం డబ్బులిచ్చి కొనుక్కునేవారు. ఆ కాలపు చిత్రకారుడు కెయిసాయ్ ఎయిసెన్ వేసిన అందగత్తెల చిత్రాల్లో ఒక ఫేస్ పౌడర్ పొట్లం బ్రాండు పేరుతో సహా కనిపిస్తుంది. అది అచ్చంగా యాడే. ఇరవయ్యో శతాబ్దానికి వచ్చేసరికి డిపార్ట్‌మెంట్ స్టోర్లు పెద్ద పెద్ద చిత్ర ప్రదర్శనలు పెట్టడం అలవాటైపోయింది. 1975లో టోక్యో ఇకెబుకురోలోని సెయిబు స్టోర్ లోపలే ఏకంగా ఒక మ్యూజియం తెరిచారు. మురకామి 'సూపర్‌ఫ్లాట్' ప్రదర్శన 2000లో మొదలైంది కూడా షిబుయాలో పార్కో అనే షాపింగ్ భవనంలోనే. కాబట్టి కళను అంగట్లోకి తెచ్చాడు అని మురకామి గురించి రాయకండి. ఆయన పెరిగిన ఊళ్లో అది అప్పటికే అంగట్లో ఉంది.

మరి అంగడికి అతీతమైన కళ, జాతి గర్వపడే కళ అనే ఆలోచన జపాన్‌కి ఎక్కడినుంచి వచ్చింది? చాలావరకు ప్రభుత్వం నుంచి. మెయిజీ కాలంలో (1868–1912) కళా పండితుడు ఒకకురా తెన్షిన్, అమెరికా నుంచి వచ్చిన ప్రొఫెసర్ ఎర్నెస్ట్ ఫెనొలోసా లాంటివాళ్లు పూనుకోగా, 1889లో టోక్యో ఫైన్ ఆర్ట్స్ స్కూల్ తెరుచుకుంది. తైలవర్ణాలు పడమటివాళ్లవి, ఖనిజాలు నూరిన రంగును జంతువుల జిగురులో కలిపి పట్టు మీద, కాగితం మీద వేసేది మనది అని గీత గీశారు. ఆ రెండోదే నిహొంగ. అందులో పాత పద్ధతులున్నాయి నిజమే. కానీ పాతవాటిని ఏరి, ఒక్క పేరు కింద పెట్టి, 'ఇదీ మేము' అని ప్రపంచానికి చూపించాలన్న పట్టుదల మాత్రం కొత్తది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మురకామి దగ్గరికి వచ్చాక మళ్లీ పనికొస్తుంది.

తెలుగువాళ్లకి ఇందులో ఒక చిన్న వాటా ఉంది కాబట్టి చెప్పకుండా ఉండలేను. ఒకకురా 1902లో కలకత్తాలో ఉన్నాడు, ఠాగూర్ కుటుంబానికి దగ్గరయ్యాడు. మరుసటి ఏడాది ఆయన శిష్యులు యొకొయామ తాయ్‌కాన్, హిషిద షున్సో వచ్చారు. తాయ్‌కాన్ తడి కుంచెతో రంగును పలచన చేసే తీరు చూసే అవనీంద్రనాథ్ ఠాగూర్ తన వాష్ పద్ధతిని తయారుచేసుకున్నాడు. ఆ బెంగాల్ శైలిని ప్రమోద్ కుమార్ చటర్జీ బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకి తెచ్చాడు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. జాతీయ కళ అనే మాట మన దగ్గర బలంగా వినిపించిన రోజుల్లో దాని వెనక జపాన్ చెయ్యి కూడా కొంచెం ఉందన్నమాట.

మురకామి 1962లో పుట్టాడు. ఆ ఫైన్ ఆర్ట్స్ స్కూలే పెరిగి పెద్దదై టోక్యో కళా విశ్వవిద్యాలయం అయింది. అక్కడ నిహొంగలోనే ఆయన 1993లో డాక్టరేట్ తీసుకున్నాడు. ఆ పువ్వులు చూసి కంప్యూటర్ మీద పది నిమిషాల్లో గీశాడని కొట్టిపారేసేవాళ్లకి నేను ముందు ఈ విషయమే చెబుతాను.

ఆయన '727' అనే చిత్రాన్ని కాస్త దగ్గరగా చూడండి. 1996లో వేసింది, న్యూయార్క్‌లోని మోమా మ్యూజియంలో ఉంది. మూడు పలకలు కలిపి మూడు మీటర్ల ఎత్తు, నాలుగున్నర మీటర్ల వెడల్పు. మధ్యలో మిస్టర్ డాబ్ అనే ఆయన సొంత పాత్ర. మిక్కీ మౌస్‌ని గుర్తుచేసే గుండ్రటి చెవులు, కానీ నోట్లో వరసగా కోరలు, ముఖాన రెండు కాదు చాలా కళ్లు. ఒక అల మీద ఎక్కి దూసుకొస్తుంటాడు. ఆ అల తోక సన్నగా సాగి వంపు తిరిగే తీరు పన్నెండో శతాబ్దపు 'షిగిసాన్ ఎంగి' చుట్టచిత్రంలో దైవ బాలుడు వెనక వదిలే మేఘానిది. నేపథ్యం చూస్తే పాత బంగారు తెర వన్నె తగ్గినట్టు ఉంటుంది. అది బ్రష్‌తో నేరుగా వేసిన రంగు కాదు. అక్రిలిక్ పొర మీద పొర వేసి, ఆరాక గీకి, రుద్ది, కింది రంగులు పైకి తేలేలా చేసింది. ఇక ఆ పేరు చూడండి. షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో వెళుతుంటే పొలాల మధ్య కనిపించే హోర్డింగుల మీద సౌందర్య సాధనాల బ్రాండు పేరు కూడా అదే. బౌద్ధ చుట్టచిత్రం, డిస్నీ, మేకప్ హోర్డింగు మూడూ ఒకే పలక మీద, ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ అనే తేడా లేకుండా కూర్చున్నాయి. సూపర్‌ఫ్లాట్ అని ఆయన చెప్పేది ఇదే. లోతు చూపించే పర్‌స్పెక్టివ్ లేదు. కన్ను ఒక చోట ఆగకుండా తలం మీద తిరుగుతూనే ఉంటుంది. ఇతొ జాకుచు, సోగ షోహకు లాంటి ఎదో కాలపు విచిత్ర చిత్రకారుల దగ్గరనుంచి నేటి యానిమే (జపాన్ యానిమేషన్) దాకా ఇది ఒకే ధార అని ఆయన వాదన. ఆ విచిత్ర చిత్రకారులను ఒక వరసగా మొదట చూపించినవాడు కళాచరిత్రకారుడు త్సుజి నొబువొ. ఆయన పుస్తకం 1970లో వచ్చింది. మురకామి ఆ వరసను పొడిగించి తన పేరు దాకా తెచ్చుకున్నాడు.

ఇక జాతీయ గుర్తింపు. సూపర్‌ఫ్లాట్ ప్రదర్శన 2001లో లాస్ ఏంజెలిస్ వెళ్లింది. 2005లో న్యూయార్క్ జపాన్ సొసైటీలో మురకామి 'లిటిల్ బాయ్' అనే పెద్ద ప్రదర్శన పెట్టాడు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద వేసిన బాంబుకి అమెరికా సైన్యం పెట్టుకున్న పేరు అది. గాడ్జిల్లా, పిల్లల టీవీ హీరో అల్ట్రామాన్, హలో కిట్టీ, ఊళ్ల ప్రచారానికి వాడే ముద్దు బొమ్మలు, వాటి పక్కన చిత్రకారుల పనులు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. ఓడిపోయిన జపాన్‌కి అమెరికా రాజ్యాంగం రాసి ఇచ్చింది, తొమ్మిదో అధికరణతో యుద్ధం చేసే హక్కు తీసేసింది, రక్షణ బాధ్యత తన చేతిలోకి తీసుకుంది. దాంతో దేశం పెద్దవాడు కాకుండా పిల్లాడిగా మిగిలిపోయింది. బొమ్మలు, కార్టూన్లు, ముద్దు ముఖాల్లో బతుకుతోంది. చెప్పుకోలేని బాంబు జ్ఞాపకం కూడా ఆ బొమ్మల్లోనే దాక్కుంది.

ఇందులో నిజం లేదని ఎవరూ అనలేరు. 1954 మార్చిలో పసిఫిక్‌లోని బికినీ దీవి దగ్గర అమెరికా చేసిన హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడింది. అదే ఏడాది నవంబరులో గాడ్జిల్లా తెర మీదికి వచ్చింది. మురకామి 'టైమ్ బొకాన్' చిత్రాల్లో పుర్రె ఆకారంలో లేచే పుట్టగొడుగు మేఘం ఆయన చిన్నప్పుడు టీవీలో వచ్చిన యానిమే నుంచి తీసుకున్నదే. అందులో విలన్లు ఓడిపోయినప్పుడల్లా ఆ పుర్రె మేఘం లేచేది. ఆయనకంటే పెద్దవాడైన చిత్రకారుడు కెయిచి తనామి దగ్గర ఇది ఇంకా సూటిగా ఉంటుంది. 1936లో పుట్టి 2024లో పోయిన తనామి టోక్యో మీద బాంబులు పడటం కళ్లారా చూసిన పిల్లాడు. తాత ఇంట్లోని గోల్డ్‌ఫిష్ తొట్టి మీద ఆ వెలుగులు మెరవడం ఆయన జీవితాంతం మరచిపోలేదు. ఆయన పోస్టర్లలో, చిత్రాల్లో పదే పదే ఈదే ఆ చేపలను ముచ్చటైన అలంకారం అనుకుని దాటేయకండి.

నాకు మురకామితో పేచీ ఎక్కడంటే, ఆ కథ 1945లో మొదలవుతుంది. బాంబు పడటానికి ముందు కొరియాలో, మంచూరియాలో, నాన్‌జింగ్‌లో, సింగపూర్‌లో జపాన్ సైన్యం ఏం చేసిందన్నది అందులోకి రాదు. దెబ్బతిన్న పిల్లాడి కథ న్యూయార్క్‌లో బాగా పలుకుతుంది. వినేవాడిలో కొంత అపరాధ భావం, కొంత జాలి కలుగుతాయి. అదే కథ సియోల్‌లోనో మనీలాలోనో చెప్పి చూడండి. మెయిజీలో నిహొంగ ఎలాగైతే బయటివాళ్లకి చూపించడానికి ఏరి కూర్చిన గుర్తింపు అయిందో, సూపర్‌ఫ్లాట్ కూడా అలాగే ఏరి కూర్చిన గుర్తింపు. సెమినార్‌లో మీరు నిలబెట్టాల్సిన పాయింట్ ఏదైనా ఉంటే అది ఇదేనని నా నమ్మకం.

ఇప్పుడు యనగి దగ్గరికి రండి. 1991లో ఆయన చేసిన 'బంజాయ్ కార్నర్'లో పెయింటింగ్ లేదు, విగ్రహం లేదు. బొమ్మల షాపులో దొరికే అల్ట్రామాన్, అల్ట్రాసెవెన్ ప్లాస్టిక్ బొమ్మలు వందల్లో ఉంటాయి. రెండు అద్దాలు గోడ మూలలో కలిసే చోట వాటిని పావు వృత్తంలో, వరసల వెంట వరసలుగా నిలబెట్టాడు. అన్నీ చేతులు పైకెత్తి మూలవైపు తిరిగి ఉంటాయి. ఆ రెండు అద్దాల్లో ప్రతిబింబాలు కలిసి పావు వృత్తం పూర్తి వృత్తమవుతుంది. ఎర్రటి ఆ గుండ్రాన్ని కాస్త దూరం నుంచి చూస్తే జపాన్ జెండా మీది సూర్యుడు. బంజాయ్ అంటూ చేతులెత్తడం చక్రవర్తికి జేజేలు కొట్టే పద్ధతి. పిల్లల హీరోలంతా కలిసి ఎవరికి జేజేలు కొడుతున్నారు? మధ్యలో ఎవరూ లేరు. వాళ్ల ప్రతిబింబాలే ఉన్నాయి. లోకాన్ని కాపాడే వీరుడి కథకీ, చక్రవర్తి కోసం బారులు తీరిన సైన్యానికీ మధ్య దూరం ఎంత అని యనగి ఒక్క మాట రాయకుండా అడిగాడు. బొమ్మలు అవే, టీవీ అదే, మురకామి పెరిగిన బాల్యం అదే. కానీ ఇక్కడ పిల్లాడు అమాయకుడు కాడు.

ఐదా మరీ మొరటు మనిషి, కావాలనే. 1996లో యుద్ధ చిత్రాల వరసలో ఆయన వేసిన మడత తెరలో మన్‌హట్టన్ తగలబడుతుంటుంది. పైన రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ జీరో యుద్ధ విమానాలు ఎనిమిది అంకెను పడుకోబెట్టినట్టు గుంపుగా తిరుగుతుంటాయి. ఎంత అందమైన తెరో అంత భయం వేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌లో పేరున్న చిత్రకారులు ఎందరో సైన్యం కోసం యుద్ధ చిత్రాలు వేశారు, యుద్ధం అయ్యాక ఆ విషయం మాట్లాడటం మానేశారు. ఆ మౌనాన్ని ఐదా బయటికి లాగాడు. ఇష్టపడటం కష్టం, తప్పించుకోవడం ఇంకా కష్టం. ఆయన పనుల్లో ఆడవాళ్ల మీద హింస చూపించే చిత్రాల సిరీస్ ఒకటుంది. దాన్ని నేను సమర్థించను, క్లాసులో చూపించను.

అంగడి సంగతి మీరు అడిగిన దానికంటే సులువైనది కాబట్టి త్వరగా చెప్పేస్తాను. మురకామి 1996లో హిరొపొన్ ఫ్యాక్టరీ అనే స్టూడియో పెట్టాడు, 2001లో అది కైకై కికి అనే కంపెనీ అయింది. 2003లో లూయీ విట్టన్ డిజైనర్ మార్క్ జాకబ్స్ పిలిస్తే లూయీ విట్టన్ మోనోగ్రామ్‌ని ముప్పైమూడు రంగుల్లోకి మార్చాడు. ఇంచుమించు అదే రోజుల్లో తన శిల్పాల బుల్లి నమూనాలు చిన్న డబ్బాల్లో పెట్టి, చూయింగ్ గమ్‌తో పాటు కన్వీనియన్స్ స్టోర్లలో అమ్మించాడు. 2007లో లాస్ ఏంజెలిస్ మోకా మ్యూజియంలో తన ప్రదర్శన మధ్యలోనే లూయీ విట్టన్ దుకాణం తెరిపించాడు. 2008 మేలో ఆయన శిల్పం ఒకటి సోథెబీస్ వేలంలో కోటీ యాభై లక్షల డాలర్లు దాటింది. ఇదంతా వినియోగ సంస్కృతి మీద విమర్శ అని కొందరు పేపర్లు రాస్తారు. నేను ఒప్పుకోను. ఆయన అంగడిని ఎత్తిపొడవడం లేదు, దాచిపెట్టడం లేదు. అమ్మడాన్ని పనిలో భాగంగా, అందరి ముందు చేస్తున్నాడు. నిజాయితీగా చేస్తున్నాడని కూడా అంటాను. విమర్శ కావాలంటే గెంపెయ్ అకసెగవా అనే జపాన్ కళాకారుడిని చూడండి. 1963లో వెయ్యి యెన్ల నోటును ఒకవైపు అచ్చువేసి ఎగ్జిబిషన్ ఆహ్వాన పత్రంగా పంపినందుకు ప్రభుత్వం కేసు పెట్టింది. కోర్టులోనే కళాఖండాలు ప్రదర్శించి వాదించినా, చివరికి 1970లో సుప్రీంకోర్టు దాకా వెళ్లినా శిక్ష ఖాయమైంది. డబ్బు బొమ్మ గీస్తే ఏమవుతుందో అకసెగవాకి తెలిసినంతగా వార్హాల్‌కి తెలియదు.

ఇక్కడ మూడో పాత్ర వస్తుంది, ప్రభుత్వం. 2002లో డగ్లస్ మెక్‌గ్రే అనే అమెరికన్ జర్నలిస్టు జపాన్ ఆర్థికంగా నీరసపడినా దాని 'కూల్' మాత్రం పెరుగుతోందని ఒక వ్యాసం రాశాడు. టోక్యో అధికారులకి అది తెగ నచ్చింది. 2008లో హలో కిట్టీ చైనా, హాంకాంగ్‌లకి పర్యాటక రాయబారి అయింది. 2013లో కూల్ జపాన్ ఫండ్ వచ్చింది. 2016 రియో ఒలింపిక్స్ ముగింపులో ప్రధాని షింజో అబె వీడియో గేమ్ హీరో మారియో వేషంలో వచ్చాడు. ముద్దు ముఖం అధికారిక జాతీయ గుర్తింపు అయిపోయింది.

కానీ ఏ ముఖానికి ఆ గౌరవం దొరకలేదో చూస్తేనే అసలు విషయం తెలుస్తుంది. 2015లో టోక్యో సమకాలీన కళా మ్యూజియంలో పిల్లల కోసం పెట్టిన ప్రదర్శనలో ఐదా కుటుంబం పెద్ద గుడ్డ మీద విద్యాశాఖని నిలదీస్తూ రాసి వేలాడదీసింది. మ్యూజియం తీసేయమంది. గొడవ బయటికి పొక్కాక చివరికి ఉండనిచ్చారు. 2018లో శిల్పి కెంజి యనొబె చేసిన 'సన్ చైల్డ్' అనే ఆరు మీటర్ల పిల్లాడి విగ్రహాన్ని ఫుకుషిమా నగరంలో నిలబెట్టారు. పసుపు రంగు రక్షణ దుస్తులు, చేతిలో హెల్మెట్, ఛాతీ మీద సున్నా చూపించే రేడియేషన్ మీటరు. ఆ హెల్మెట్ తీయడం ఆశకి గుర్తని యనొబె ఉద్దేశం. మా ఊళ్లో దుస్తులు లేకుండా తిరగలేమని లోకానికి చెబుతున్నారా అని స్థానికులు బాధపడ్డారు. నెల తిరిగేసరికి తీసేయాలని నిర్ణయించారు. అక్కడ తప్పు జనానిది అని నేను అనను. వాళ్ల ఊరి పేరు అప్పటికే ఎంత దెబ్బతిందో వాళ్లకే తెలుసు. 2019లో ఐచి త్రైవార్షిక ప్రదర్శనలో ఇంతకుముందు అడ్డగించిన కళాకృతులతో ఒక విభాగం పెట్టారు. జపాన్ సైన్యం చెరబట్టిన కొరియా స్త్రీలను గుర్తుచేసే బాలిక విగ్రహం అందులో ఉంది. బెదిరింపులు రావడంతో మూడు రోజులకే ఆ విభాగం మూసేశారు, అక్టోబరులో మళ్లీ తెరిచారు. సాంస్కృతిక వ్యవహారాల ఏజెన్సీ 7 కోట్ల 80 లక్షల యెన్ల గ్రాంటు ఇవ్వమని ప్రకటించి, తర్వాత కొంత తగ్గించి ఇచ్చింది. కిట్టీకి రాయబారి పదవి ఇచ్చిన దేశమే ఈ బాలికను చూడలేకపోయింది. మీ సెమినార్‌లో వినియోగ సంస్కృతి, జాతీయ గుర్తింపు అనే రెండు మాటలు కలవాల్సింది ఈ చోటే.

చివరి ప్రశ్న, అక్కడివాళ్లు ఏమనుకుంటారు. చిత్రకారుడు యొషితోమో నారా అంటే జపాన్‌లో ప్రేమ. అతను ఉత్తర జపాన్‌లో అవొమొరి వైపు హిరొసాకి కుర్రాడు, జర్మనీలో చదివి తిరిగొచ్చాడు. గుర్రుగా చూసే ఆ చిన్నపిల్లల ముఖాలు ఎవరి దేశం కథా చెప్పవు, ఒంటరి బాల్యం కథ చెబుతాయి. 2011 ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత అణు వ్యతిరేక ఊరేగింపుల్లో జనం ఆయన 'నో న్యూక్స్' బొమ్మను పట్టుకుని నడిచారు. మురకామి విషయంలో అంత దగ్గరితనం లేదు. యానిమే, ఫిగర్ల (యానిమే పాత్రల బొమ్మల) అభిమానులు తమ లోకాన్ని పడమటివాళ్లకి ఖరీదు కట్టి అమ్ముకున్నాడని చాలాకాలం మండిపడ్డారు. ఆ కోపంలో న్యాయం ఉంది, ఆ ఫిగర్లు రూపొందించిన శిల్పుల పేర్లు వేలం కేటలాగుల్లో అంతగా కనిపించవు కదా. 2011 భూకంపం తర్వాత ఆయన వేసిన వంద మీటర్ల 'ఐదువందల అర్హతులు' (బౌద్ధ సిద్ధపురుషుల చిత్రం) ముందు దోహాలో చూపించి, 2015లో గానీ టోక్యో మోరి మ్యూజియానికి తేలేదు. నా లెక్కలో ఆయన చేసిన వాటిల్లో గొప్పది అదే. ఎవరికో ఏదో నిరూపించాలన్న ఆరాటం అందులో తక్కువ. 2024లో క్యోటోలో పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు డబ్బు చాలకపోతే సొంతూరి పన్ను అనే జపాన్ పద్ధతిని వాడుకున్నారు. క్యోటో నగరానికి విరాళం ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు, దాంతో పాటు మురకామి పువ్వుల ట్రేడింగ్ కార్డులు. ఆ కార్డుల కోసం జనం ఎగబడ్డారు. పదిహేడో శతాబ్దపు ఇవాస మతబెయి క్యోటో నగర దృశ్యాన్ని తిరగరాసిన పెద్ద తెర ఆ ప్రదర్శనలో ముఖ్యమైనది. మీకు కుదిరితే దాన్ని మతబెయి అసలు తెరతో కలిపి చూడండి. అందులో ఏ వీధిలో ఏం అమ్ముతున్నారో, ఎవరు కొంటున్నారో మతబెయి నాలుగు వందల ఏళ్ల కిందటే ఎంత శ్రద్ధగా గీశాడో గమనించండి; వార్హాల్ పోలిక రాయాలా వద్దా అన్నది అప్పుడు నిర్ణయించుకోవచ్చు.